బేరింగుల బండి, వాన సీసా: మా ఇంటి వేసవి డైరీ

2025 ఏప్రిల్ 24, గురువారం

ఈరోజు నుంచి స్కూలుకు సెలవులు. మళ్లీ జూన్ 12న తెరుస్తారు. ఈ ఏడు వారాలూ పిల్లల చేతిలో ఫోన్ తగ్గించాలని, ఏం చేశామో ఎలా జరిగిందో రాసుకోవాలని ఈ నోట్‌బుక్ కొన్నాను.

మాది విజయవాడ సింగ్‌నగర్, మూడో అంతస్తు. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు చూస్తాను. నా భార్య నర్సు, వారం మార్చి వారం నైట్ డ్యూటీ. అమ్మ మాతోనే ఉంటుంది. పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు.

ఈ ఆలోచన వరదప్పుడు వచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. కింది ఇళ్లు మునిగాయి. కరెంటు పోయింది, మర్నాటికి ఫోన్లు ఆగిపోయాయి. పైన ఉన్నవాళ్లమంతా మెట్ల మీదే కూర్చునేవాళ్లం. మొదటి రెండు రోజులు పిల్లలు ఛార్జింగ్ ఎప్పుడు వస్తుందని అడుగుతూనే ఉన్నారు. మూడో రోజు అమ్మ మెట్ల మీద సుద్దముక్కతో అష్టాచమ్మా గీసింది. గవ్వలు లేవని చింతపిక్కలు ఒక పక్క అరగదీసి ఇచ్చింది. నాలుగిళ్ల పిల్లలు కొవ్వొత్తి వెలుగులో రాత్రి దాకా ఆడారు. చుట్టూ అంత కష్టంలోనూ మా అమ్మాయి ఇంకో ఇంటి పిల్లాడితో ఆట న్యాయం గురించి గట్టిగా వాదిస్తుంటే, ఆ గొంతు ఇంట్లో విని చాలా కాలమైందని నాకనిపించింది. కరెంటు వచ్చిన అరగంటకే ఇద్దరూ మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోయారు. ఆ అరగంట నేను మర్చిపోలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

మూడు రోజులు ఏమీ మార్చకుండా లెక్క మాత్రం రాశాను. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎంతసేపు వాడారో కనిపిస్తుంది. అమ్మాయి రోజుకు సుమారు 3 గంటల 10 నిమిషాలు. బాబు నాయనమ్మ ఫోన్‌తో కలిపి 4 గంటలు దాటాడు. పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల లెక్క ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు. 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకు గంట మించకూడదు. 5 నుంచి 10 ఏళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉండాలి.

ఎంతసేపు అన్నదానితో పాటు ఎప్పుడు, ఎవరు ఇచ్చారు అన్నదీ రాశాను. నాకు పని చేసిపెట్టింది ఆ వివరమే. మూడు రోజుల్లో 17 సార్లు ఫోన్ చేతులు మారితే, పిల్లలు అడిగి తీసుకున్నది 5 సార్లు. మిగతా 12 సార్లు మేమే ఇచ్చాం. బాబుకు అన్నం తినిపించడానికి అమ్మ ఇచ్చింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి నా భార్య నిద్రపోతుంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని నేనిచ్చాను. షాపు లెక్క తేలక కూర్చున్నప్పుడు ఇచ్చాను. చుట్టాలొచ్చినప్పుడు ఇచ్చాం. అంటే పెద్దవాళ్లకు తీరిక కావలసినప్పుడల్లా ఫోన్ వెళ్లింది.

కాబట్టి ఫోన్ లాక్కోవడం దగ్గర మొదలుపెట్టకూడదు. ఆ పన్నెండు చోట్ల పిల్లలకు ఏం పని ఇవ్వగలమో చూడాలి.

ఏప్రిల్ 30

చిన్న మార్పులు రెండు. ఒకటి, ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేశాను. నా చిన్నప్పుడు టీవీలో కార్టూన్ అయిపోతే వార్తలు వచ్చేవి, మేము లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లం. ఇప్పటి చిన్న వీడియోలకు ఆ చివర అనేదే లేదు. లేవాలన్న ఆలోచన పిల్లాడికి ఎక్కడ రావాలి? రెండు, అలారం పెట్టడం మానేశాం. అలారం మోగేసరికి కథ మధ్యలో ఉంటుంది, ఏడుపు మొదలవుతుంది. ఇప్పుడు "రెండు ఎపిసోడ్లు" అని ముందే చెప్పుకుంటున్నాం. అయిపోయాక తానే తెచ్చి ఇవ్వాలి. బాబు మొదటి రోజు ఇవ్వలేదు. రెండో రోజు ఇచ్చాడు.

అన్నం మాత్రం కష్టంగా ఉంది. ఫోన్ లేకుండా, తన చేత్తో తినాలన్నాం. మొదటి రాత్రి నాలుగు ముద్దలు తిని లేచాడు. అమ్మ ప్రాణం ఒప్పుకోలేదు. "రాత్రిపూట పిల్లాడు ఖాళీ కడుపుతో పడుకుంటే నాకు నిద్ర పట్టదురా" అంది. మూడో రోజు మధ్యాహ్నం పప్పన్నం తనే కలుపుకుని రెండోసారి అడిగాడు. కంచం చుట్టూ మెతుకులు పడ్డాయి. వాటిని తనే తీశాడు.

మే 4, ఆదివారం

ఈరోజు గాలివాన. ఈ సంగతి కాస్త వివరంగా రాయాలి.

వరద తర్వాత బాబుకు వానంటే భయం. మబ్బు పట్టగానే "నీళ్లు వస్తాయా" అని అడుగుతాడు. మా వీధిలో పెద్దవాళ్లే మబ్బు చూసి బుడమేరు వైపు చూస్తారు, ఆరేళ్లవాడు భయపడటంలో వింతేముంది. ఇన్నాళ్లూ వాన పడితే ఫోన్ ఇచ్చేవాళ్లం. కిటికీ వైపు చూడకుండా ఉండేవాడు. భయం పోయిందనుకున్నాం కానీ అది అలాగే ఉంది, దాని ముందు ఫోన్ అడ్డం పెట్టాం అంతే.

ఈరోజు ఫోన్ ఇవ్వలేదు. వాడు నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. "ఎంత వాన పడిందో మనం కొలుద్దామా?" అన్నాను. వాడు మాట్లాడలేదు. అక్క మాత్రం లీటరు నీళ్ల సీసా తెచ్చింది. పై భాగం కోసి, మూతి కిందికి వచ్చేలా గరాటాలా బోర్లించాం. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీశాం. అది సున్నా. పక్కన పాత స్కేలు ముక్క అంటించాం. వాన వెలిసేసరికి తయారైంది, కానీ కొలవడానికి వాన లేదు. బాబు మొదటిసారి "మళ్లీ ఎప్పుడు పడుతుంది?" అని అడిగాడు. నాకు గొంతు పట్టేసింది.

మే 9

నిన్న రాత్రి కొద్దిగా వాన. సీసా టెర్రస్ మీద పెట్టాం. పొద్దున్నే బాబు నన్ను లేపాడు. 6 మిల్లీమీటర్లు. వాడే చదివాడు, వాడే నోట్‌బుక్‌లో రాశాడు. 6 అంకె ముందు తిరగేసి రాసి, తర్వాత దిద్దుకున్నాడు.

అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. సన్నటి సీసా పెడితే నీళ్లు ఇంకా ఎత్తుగా వస్తాయి కదా అంది. "రావమ్మా, గోడలు నిలువుగా ఉంటే సన్నదైనా వెడల్పుదైనా ఎత్తు ఒకటే" అన్నాను. "నేను నమ్మను నాన్నా, పెట్టి చూద్దాం" అంది. నాన్న చెబితే నమ్మవా అనే మాట నా నోటి దాకా వచ్చి ఆగింది. పుస్తకం తెరిచి చూపించాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు. పెరుగు డబ్బా ఒకటి, సన్నటి గాజు సీసా ఒకటి పక్కపక్కన పెట్టి వాన కోసం చూస్తున్నాం.

మే 11, ఆదివారం

మొన్న రామవరప్పాడు రింగ్ దగ్గర తాటి ముంజలు తెచ్చాం. తిన్నాక రెండు బుర్రలకు పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసే బండి చేసి చూపించాను. బాబు సెల్లార్ అంతా తిప్పాడు. రెండో రోజుకు బుర్రలు ఎండి పగిలాయి. "పగలని చక్రాలు ఏవి?" అన్నాడు. బేరింగులు అన్నాను. అన్న తర్వాత ఇక తప్పలేదు.

మే 13

కిరాణా షాపు. అమ్మాయి ఒక్కతే వెళ్లి రావడం ఇది నాలుగోసారి. మా సందు దాటాలి, పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. మొదటిసారి నేను వెనకాలే వెళ్లాను. తర్వాత అమ్మ బాల్కనీలోంచి చూసింది. ఈరోజు ఎవరూ చూడలేదు. కందిపప్పు, బెల్లం, సబ్బు తెచ్చింది. రెండు రూపాయలు చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చారట. "అంకుల్, నేను చాక్లెట్ అడగలేదు కదా. రెండు రూపాయలు రేపు ఇవ్వండి, రాసుకోండి" అందట. ఆయన రాసుకున్నాడు. తను కూడా చీటీ మీద రాసుకుని వచ్చింది. నేను నలభై ఏళ్లుగా ఆ చాక్లెట్ తీసుకుని వచ్చేస్తున్నాను.

మే 17, శనివారం

బండి పని మొదలైంది. మా షాపు పక్కన మెకానిక్ దగ్గరికి పిల్లలిద్దరినీ తీసుకెళ్లాను. పనికిరాక తీసేసిన బేరింగులు ఒక డబ్బాలో ఉంటాయి. 6206 నంబరువి నాలుగు ఏరాం. లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 62, మందం 16. ఏది బాగుందో తేల్చే పని బాబుదే. చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, గరగరమంటే పక్కన పడేశాడు. ఆ మెకానిక్ వాడికి డీజిల్‌లో కడగడం, గ్రీజు పెట్టడం చూపించాడు. గంటన్నరసేపు వాడు ఫోన్ మాటే ఎత్తలేదు. ఇంటికొచ్చాక కూడా గోళ్లలో నలుపు పోలేదని అందరికీ చూపించుకున్నాడు.

చెక్క కావాలి. కింది ఇంటివాళ్ల మంచం వరదలో పాడైతే దాని వేపచెక్క పలక సెల్లార్‌లో ఉంది. నేను అడగబోతుంటే అమ్మాయి తనే వెళ్లింది. ఎందుకు, ఏం చేస్తారు, గీతలు పడవా అని వాళ్లు పది ప్రశ్నలు అడిగారట. అన్నిటికీ చెప్పి తెచ్చుకుంది.

మే 18, ఆదివారం

రెండు ఇరుసు కర్రలు. కర్ర చివరను గుండ్రంగా చెక్కి, దాన్ని బేరింగు రంధ్రంలోకి దించాలి. అమ్మాయి సుత్తి పట్టింది. చివర కాస్త లావుగా ఉండగానే బేరింగు పెట్టి కొట్టింది. ఇంకా చెక్కాలని నాకు తెలుసు, చెప్పలేదు. మూడో దెబ్బకు కర్ర పొడవునా చీలింది.

తను సుత్తి పడేసి "నాకు రాదు, నువ్వే చెయ్యి" అని లోపలికి వెళ్లిపోయింది. ఇరవై నిమిషాల్లో నేను చేసేయగలను. చేతులు దానికే సాగాయి. అమ్మ కూర్చున్నచోటి నుంచి "ముట్టుకోకు, అక్కడే ఉంచు" అంది. ఉంచాను. మధ్యాహ్నమంతా ఆ చీలిన కర్ర హాల్లోనే ఉంది. తనకు అలవాటైన ఫోన్ ఎదురుగానే ఉంది. అరగంట చూసింది కూడా, నేను ఆపలేదు.

సాయంత్రం బయటికొచ్చి బేరింగును కొత్త కర్ర చివర పెట్టి, రంధ్రం లోపలి నుంచి పెన్సిల్‌తో చుట్టూ గీసింది. ఆ గీత దాకా చెక్కితే చాలు! ఇది నాకు తట్టలేదు. నేనైతే కంటి అంచనాతో చెక్కేవాణ్ని. ఉలి నేను పట్టాను, గరుకు కాగితంతో రుద్దడం తనదీ బాబుదీ. రుద్దడం, పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. రాత్రి తొమ్మిదికి మొదటి చక్రం బిగుసుకుంది. బొటనవేలికి ఒక దెబ్బ తగిలింది. ఐసు ముక్క పెట్టుకుని తిరిగింది.

తప్పు ముందే చెప్పి ఉంటే ఒక కర్ర మిగిలేది. కానీ పెన్సిల్ గీత వచ్చేది కాదు. ఉలి, రంపం లాంటి ప్రమాదం ఉన్నచోట నేను ఊరుకోను, ఊరుకోకూడదు కూడా. కర్ర చీలేచోట ఊరుకోవాలి. ఈ రెంటికీ తేడా అప్పటికప్పుడు తేల్చుకోవడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

మే 20

బండి తిరిగింది. ముందు ఇరుసు ఒకే బోల్టు మీద ఉంటుంది, రెండు చివరలకూ తాడు కట్టి లాగితే మలుపు తిరుగుతుంది. హెల్మెట్ లేకుండా ఎక్కకూడదన్నది నా షరతు. చప్పుడు మాత్రం విపరీతం. మధ్యాహ్నం పడుకునే తాతగారు ఒకరున్నారు, ఆయనకు ఇబ్బంది. ఫిర్యాదు రాకముందే అమ్మాయి వెళ్లి ఆయన్నే అడిగింది. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర అని ఖాయమైంది. తనే చీటీ రాసి లిఫ్ట్ పక్కన అంటించింది. ఇప్పుడు ఆ గంటకు ఏడెనిమిది మంది పిల్లలు దిగుతున్నారు. ఎవరి వంతు ఎప్పుడన్నది వాళ్లలో వాళ్లే తేల్చుకుంటున్నారు. గొడవలవుతున్నాయి. మేమెవరం దిగడం లేదు.

మే 22

ఆవకాయ. నా భార్యకు నైట్ డ్యూటీ, పగలంతా నిద్ర. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాల్సిన ఆ అయిదు గంటలే మా లెక్కలో పెద్ద చిక్కు. అమ్మ ఇద్దరికీ చెరో పాత బట్ట ఇచ్చి, మామిడి ముక్కలు తుడిచి జీడి తీసే పని పెట్టింది. తడి ఉంటే పచ్చడి బూజు పడుతుందని చెప్పింది. తమ పని తప్పితే ఏడాది పచ్చడి పాడవుతుందని తెలిశాక బాబు ఒక్కో ముక్కనూ రెండుసార్లు తుడిచాడు. ఉత్తుత్తి పని అయితే పిల్లలకు తెలిసిపోతుంది.

మే 24

రాత్రి భోజనం దగ్గర నా ఫోన్ మోగింది. చూస్తూ తింటున్నాను. అమ్మాయి అడిగింది, "నాన్నా, అన్నం దగ్గర ఫోన్ వద్దన్న రూల్ అందరికా, మా ఇద్దరికేనా?"

"ఇది పని గురించమ్మా" అన్నాను.

"పనైతే బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి రా. అమ్మకు హాస్పిటల్ నుంచి ఫోన్ వస్తే తీయాల్సిందే, అది వేరు. నువ్వు చూస్తున్నది ఫోన్ కాల్ కాదు కదా."

కాదు. అదొక వీడియో. నాకు కోపం వచ్చింది, ముఖంలో కనిపించే ఉంటుంది. మా నాన్న దగ్గర నేను ఇలా అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఇంటికొచ్చిన బంధువొకాయన అక్కడే కూర్చుని, "ఆడపిల్లకు ఇంత నోరు మంచిది కాదు" అన్నారు. ఆ మాటకు తన ముఖం వాడిపోయింది. ఆయన ముందే చెప్పాను, తను అడిగింది సరైన మాటని, నేనే తప్పు చేశానని. ఫోన్ తీసుకెళ్లి బీరువా మీద పెట్టాను.

తొమ్మిదేళ్ల పిల్ల కారణం చెప్పి వద్దంటే దాన్ని పొగరు అనడం అన్యాయం. కిరాణా షాపులో అంకుల్‌కు ఎదురు చెప్పినప్పుడు నేను పొంగిపోయాను. అదే గొంతు నా వైపు తిరిగినప్పుడు నొక్కేస్తే, ఇక బయటెక్కడా అది లేవదు.

మే 31

ఈ వారం బాగా జరగలేదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఈ ఏడాది మే నెలలోనే వానలు పడ్డాయి. సెల్లార్ తడి, బండి ఆగింది. నాకు షాపులో నెలాఖరు లెక్కలు, అమ్మకు జ్వరం. నాలుగు రోజులు ఫోన్లు మళ్లీ వెళ్లాయి. అమ్మాయి 2 గంటల 20 నిమిషాలు, బాబు 2 గంటల 45. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అలిసిపోయిన ఇంట్లో ఫోన్ ఎలా వస్తుందో నాకిప్పుడు బాగా తెలుసు, ఏ తల్లినీ దీని గురించి తప్పుపట్టలేను.

అదే వారంలో ఒక మంచి సంగతి. వానకు పెరుగు డబ్బాలో 14 మిల్లీమీటర్లు, సన్న సీసాలో 13. అమ్మాయి చాలాసేపు చూసి, "ఎత్తు ఒకటే. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా ఎందుకు?" అంది. సీసా గోడకు దగ్గరగా ఉందని, గాలికి చినుకులు తగ్గి ఉంటాయని బాబు అన్నాడు. వాన పడుతుండగా వాడు కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

జూన్ 8

ఈరోజు మృగశిర కార్తె. పులిజూదంలో అక్క మూడు పులులనూ బాబు మేకలు కట్టేశాయి. అక్క మళ్లీ ఆడదామంది, వాడు వద్దన్నాడు.

జూన్ 11, బుధవారం

రేపు స్కూలు. గడిచిన వారం సగటు అమ్మాయిది 55 నిమిషాలు, బాబుది గంటా 15. సున్నా కాలేదు, కావాలని అనుకోలేదు కూడా. అన్నం దగ్గర మాత్రం ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు.

స్కూలు మొదలయ్యాక సాయంత్రం ట్యూషన్ వద్దని, ఆ గంట బండికి కావాలని అమ్మాయి అడిగింది. లెక్కల్లో వెనకబడితే ఏం చేస్తావంటే, నెల రోజులు చూసి అప్పుడు మాట్లాడదామంది. నాకు టెన్షన్‌గానే ఉంది. నా భార్య సరే అంది. జులై 12న మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం, తేదీ ఇక్కడే రాశాను.

బండికి బ్రేకు లేదు. వెనక చక్రానికి ఒత్తుకునేలా చెక్క పెడదామని నేను బొమ్మ గీశాను. బాబు ఒప్పుకోలేదు. పాత చెప్పు అడుగు కోసి పెడితే బాగా పట్టుకుంటుందట. అది రెండు రోజుల్లో అరిగిపోతుందని నా అభిప్రాయం. చెప్పు కోసి ఉంచాడు. ఆదివారం దాన్నే బిగిస్తున్నాం.